కొత్త సైకిల్‌ని మీ ఒంటికి సరిపెట్టుకోవడం: రోజూ ఆఫీసుకి తొక్కేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

కొత్త సైకిల్ కొని, వారం రోజులు హుషారుగా ఆఫీసుకి తొక్కి, రెండో వారం మోకాళ్లు పట్టేసి, మూడో వారం దాన్ని బాల్కనీలో పెట్టి హ్యాండిల్ మీద తువ్వాళ్లు ఆరేసుకునేవాళ్లు మన అపార్టుమెంట్లలో తక్కువేం లేరు. నేనూ ఆ దారిలోనే పోయాను కొన్నాళ్లు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి, ఒకవైపు పదకొండు పన్నెండు కిలోమీటర్లు. మొదటి నెలలోనే మోకాలి చిప్ప ముందు భాగంలో సన్నటి నొప్పి మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్తే కొన్నాళ్లు సైకిల్ ఆపమన్నారు, ఆపాను, తగ్గింది, మళ్లీ ఎక్కితే మళ్లీ వచ్చింది. ఆఖరికి తేలిందేంటంటే నా సీటు ఉండాల్సిన ఎత్తు కన్నా దాదాపు ఏడు సెంటీమీటర్లు కిందకి ఉంది. కొన్న రోజు షాపులో కుర్రాడు నన్ను సీటు మీద కూర్చోబెట్టి "సార్, రెండు కాళ్లూ నేలకి ఆనుతున్నాయా?" అని అడిగాడు, ఆనుతున్నాయన్నాను, ఫిట్టింగ్ అంటే అంతే అనుకున్నాం ఇద్దరమూ.

కింద రాసిందంతా హైబ్రిడ్, సిటీ సైకిళ్లు, తిన్నటి హ్యాండిల్ ఉన్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) తరహా సైకిళ్లు రోజూ తొక్కేవాళ్ల కోసం. వంకర హ్యాండిల్ రోడ్ బైకుల లెక్క కొంచెం వేరు, దాని జోలికి పోవట్లేదు. ఓ ఆదివారం పొద్దున రెండు గంటలు పెట్టుకోండి, పట్టుకోవడానికి ఇంట్లో ఎవరినైనా తోడు పిలుచుకోండి.

కొనేముందే అయితే: సైజు అంటే చక్రం కాదు

షాపుకెళ్లి "26 సైజు చూపించండి" అంటే చక్రం సైజు చూపిస్తారు. మీ ఒంటికి సరిపోవాల్సింది ఫ్రేము, చక్రం కాదు. తమాషా ఏంటంటే మన తాతల కాలంలో ఈ గందరగోళం లేదు. పెద్ద నల్ల సైకిల్‌కి 22, 24 అని అడిగేవాళ్లు, అది ఫ్రేము కొలత, చక్రం రెండింటికీ 28 అంగుళాలే. ఇప్పుడేమో 26, 27.5, 29, 700సి అన్నీ చక్రాల కొలతలు, ఫ్రేము సైజేమో ఎస్, ఎమ్, ఎల్ అనో, 17 అంగుళాలు, 19 అంగుళాలు అనో ఫ్రేము మీద ఓ మూల చిన్న స్టిక్కరుగా ఉంటుంది. చాలా చవక మోడళ్లు ఒకే ఫ్రేము సైజులో వస్తాయి, ఐదడుగుల మనిషికీ ఆరడుగుల మనిషికీ అదే అమ్ముతారు.

మీ కాలి కొలత తెలియాలి. ప్యాంటు కుట్టించుకునేటప్పుడు టైలరు తీసే కొలత కాదు ఇది. చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడండి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, ఒక అంచు గోడకి తగిలేలా సమంగా పట్టుకుని, సీటు మీద కూర్చుంటే ఎంత గట్టిగా ఆనుతుందో అంత గట్టిగా పైకి లాగండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత. నేల నుంచి ఆ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో రాసుకోండి. మూడుసార్లు తీసి సగటు చూడండి, ఎందుకంటే మొదటిసారి అందరూ మొహమాటపడి వదులుగా పట్టుకుంటారు.

పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు వేసి నేల మీద నిలబడితే గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. గొట్టం బాగా వాలుగా ఉన్న ఫ్రేముల్లో ఎలాగూ ఉంటుంది, అందుకని అదొక్కటే చూసి కొనేయకండి. సీటు ఎత్తు ఎలా అయినా సరిచేసుకోవచ్చు కానీ సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉన్న పొడవు కొంతవరకే మారుతుంది. ఫ్రేము మరీ పెద్దదైతే ఆ తిప్పలు ఏ సెట్టింగూ తీర్చలేదు, మార్చుకునే గడువు ఉండగానే మార్చేసుకోండి. చీర, చుడీదార్‌తో తొక్కేవాళ్లకి పై గొట్టం కిందకి వంగిన ఫ్రేము, నిండుగా గొలుసు కవరు ఉన్న సైకిల్ నయం. మగవాళ్లకీ అది సుఖమే, ముఖ్యంగా వెనక క్యారియర్ మీద సామాను ఉన్నప్పుడు కాలు ఎత్తి దాటించాల్సిన పని ఉండదు.

రెంచి పట్టుకునే ముందు

కావాల్సినవి: అలెన్ కీల సెట్టు (4, 5, 6 మి.మీ. తప్పనిసరి, 2, 2.5 ఉంటే మంచిది), 13, 15 మి.మీ. స్పానర్లు, టేపు, మార్కరు, కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు, కాస్త గ్రీజు, ఒక గజం దారం, దాని చివర కట్టడానికి ఒక నట్టు. టైర్లలో గాలి సరిగ్గా నింపండి. రోజూ వేసుకునే బూట్లే వేసుకోండి, ఇంట్లో హవాయి చెప్పులతో సీటు సరిచేసుకుని ఆఫీసుకి మందపాటి అడుగున్న బూట్లతో వెళ్తే లెక్క సెంటీమీటరు తేడా వస్తుంది.

షాపువాళ్లు బిగించి ఇచ్చిందే కదా అని నమ్మేయకుండా ఓసారి చుట్టూ చూడండి. మా కాలనీలో ఒకాయన ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల చట్రం) వెనక్కి తిరిగి ఉన్న సైకిల్‌ని నాలుగు నెలలు తొక్కాడు, అదే దాని డిజైన్ అనుకుని. ముందు బ్రేకు ఫోర్కుకి ముందువైపున కనబడాలి (డిస్క్ బ్రేకైతే ఎక్కువ సైకిళ్లకి ఫోర్కు ఎడమ కాలి వెనకవైపున ఉంటుంది), ఫోర్కు చివర్లు ముందుకి పోవాలి. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్ సరిగ్గా అడ్డంగా ఉందో లేదో చూడండి. చక్రాల నట్లు, పెడళ్లు గట్టిగా ఉన్నాయా చూడండి.

సీటు ఎత్తు: సగానికి పైగా పని ఇదే

రెండు పాదాలూ నేలకి ఆనాలనే నియమం స్కూటర్ నుంచి వచ్చింది, సైకిల్‌ది కాదు. స్కూటర్ మీద మన కాలికి ఆగినప్పుడే పని, సైకిల్ మీద కదులుతున్నంతసేపూ పని. సీటు కిందకి ఉంటే ప్రతి తొక్కుడికీ మోకాలు మరీ మడిచి, అలా మడిచిన స్థితిలోనే బరువంతా తొయ్యాల్సి వస్తుంది, నిమిషానికి అరవై డెబ్బైసార్లు. గుంజీలు తీస్తూ ఆఫీసుకి వెళ్లినట్టే. ఆ పెద్ద నల్ల సైకిల్ తొక్కిన పెద్దాయనల్ని గుర్తు తెచ్చుకోండి. ఎడమ పెడల్ మీద కాలేసి రెండు అడుగులు తోసి, నడుస్తున్న సైకిల్ మీదకే ఎక్కేవాళ్లు, దిగేటప్పుడూ అంతే, కూర్చుని కాళ్లు నేలకి ఆనించడం అనే ప్రశ్నే లేదు. మనం కూడా చిన్నప్పుడు గంటకింత అద్దెకి తెచ్చిన సైకిల్‌ని, సీటు అందక, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచీ కొట్టినవాళ్లమే. మధ్యలో ఎక్కడో ఈ భయం పట్టుకుంది.

మొదట మడమ పద్ధతి, దీనికి లెక్కలేం అక్కర్లేదు. సైకిల్‌ని గోడ పక్కన పెట్టి ఎక్కి కూర్చోండి, ఒక చెయ్యి గోడకి ఆనించండి. ఒక పెడల్‌ని మీకు అతి దూరంగా వెళ్లే చోటికి, అంటే దాదాపు అట్టడుక్కి తిప్పి, దాని మీద మడమ పెట్టండి. మోకాలు సరిగ్గా నిటారు కావాలి, అలాగని నడుము ఒక పక్కకి ఒరగకూడదు. ఇంకా మడత ఉంటే సీటు లేపండి, మడమ అందకపోతే దించండి. ఇప్పుడు మడమ తీసి, బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా, సుమారు 25 నుంచి 35 డిగ్రీలు మడుస్తుంది. అదే కావాల్సింది. రెండో కాలితోనూ చూడండి, రెండు కాళ్లకీ కొంచెం తేడా వస్తే పొట్టి కాలికి సరిపెట్టండి.

లెక్క ఇష్టపడేవాళ్లకి ఇంకో దారి ఉంది. టూర్ ద ఫ్రాన్స్‌ని మూడుసార్లు (1986, 1989, 1990) గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో చలామణీ అయ్యే సూత్రం: కాలి కొలతని 0.883తో హెచ్చించండి, వచ్చిన అంకె క్రాంకులు (పెడళ్లు బిగించి ఉండే కడ్డీలు) రెండూ కలిసే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం, సీటు గొట్టం వెంబడే కొలవాలి. కాలి కొలత 80 సెం.మీ. అయితే 70.6 సెం.మీ. ఇంకో పాత లెక్కలో కాలి కొలతకి 109 శాతం తీసుకుంటారు, కానీ దాన్ని కొలిచేది అట్టడుగున ఉన్న పెడల్ నుంచి సీటు దాకా, 80కి 87.2 వస్తుంది. క్రాంకు 170 మి.మీ. అనుకుని మొదటి అంకెకి 17 కలిపితే 87.6. రెండు దార్లూ అర సెంటీమీటరు తేడాలో కలిశాయి, అంటే ఏ ఒక్కటీ దేవుడి మాట కాకపోయినా దగ్గర్లోకి తీసుకెళ్తాయి. ఇవి పెడల్‌కి బిగించుకునే రేసు బూట్లు వేసుకునేవాళ్లని దృష్టిలో పెట్టుకుని పుట్టిన లెక్కలు కాబట్టి మామూలు బూట్లతో ఊళ్లో తొక్కేవాళ్లు అర నుంచి ఒక సెంటీమీటరు తక్కువతో మొదలుపెట్టొచ్చు. మడమ పద్ధతికీ లెక్కకీ తేడా ఎక్కువ వస్తే కాలి కొలత తప్పు తీశారనే అర్థం, నాకు మొదటిసారి అలాగే అయింది.

ఎత్తు మరీ ఎక్కువైందో లేదో మీరు కూర్చుంటే తెలీదు, వెనక నుంచి ఎవరైనా చూడాలి. తొక్కుతుంటే పిరుదులు అటూ ఇటూ ఊగుతున్నాయంటే ప్రతి తొక్కుడికీ కాలిని అందించడానికి నడుము కిందకి పోతోందని లెక్క, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దించుకుంటూ రండి.

బిగించేటప్పుడు మర్చిపోకూడనిది, సీటు పోస్టు (సీటు కింద ఫ్రేములోకి దిగే కడ్డీ) మీద ఒకచోట నిలువు గీతలు వరసగా ఉంటాయి, అది కనీసం లోపల ఉండాల్సిన హద్దు. ఆ గీతలు బయటికి కనబడేంత ఎత్తుకి లాగారో, ఏదో ఒక గుంతలో పోస్టు వంగిపోతుంది లేదా ఫ్రేము చీలుతుంది. ఎత్తు చాలకపోతే పొడవు పోస్టు కొనుక్కోండి, దాని మందం (27.2 లాంటి అంకె) పోస్టు అడుగునే చెక్కి ఉంటుంది, అదే మందంది కావాలి. పోస్టుకి పల్చగా గ్రీజు రాసి దించితే వర్షాకాలం తర్వాత తుప్పుపట్టి బిగుసుకుపోదు (కార్బన్ ఫ్రేముకి మాత్రం గ్రీజు వద్దు). చేత్తో తిప్పే క్విక్ రిలీజ్ క్లాంపు ఉంటే, సైకిల్‌ని మెట్రో స్టేషన్ దగ్గర వదిలేసి పోయేవాళ్లు దాన్ని బోల్టు క్లాంపుగా మార్పించుకోండి, లేకపోతే సాయంత్రం వచ్చేసరికి సీటు ఉండదు. చివరగా పోస్టు ఫ్రేములోకి దిగే చోట ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి, అదే మీ గుర్తు.

ఇప్పుడు భయం సంగతి. నాలాగా ఏడు సెంటీమీటర్లు లేపాల్సి వస్తే ఒకేరోజు లేపితే డాబా మీద కూర్చుని తొక్కినట్టుంటుంది. మూడు రోజులకి ఒక సెంటీమీటరు చొప్పున లేపండి. అంతకన్నా ముఖ్యం ఆగడం నేర్చుకోవడం. బ్రేకు వేస్తూ ఒక పెడల్‌ని కిందకి తెచ్చుకుని దాని మీద నిలబడండి, పిరుదుల్ని సీటు ముందుకి జార్చి, రెండో కాలు నేల మీద పెట్టండి. సీటు మీద కూర్చుని ఆగడం అనేదే వద్దు. బయల్దేరేటప్పుడు ఒక పెడల్‌ని పైకి, కాస్త ముందుకి తెచ్చి పెట్టుకోండి, దాన్ని తొక్కితే సైకిల్ కదులుతుంది, మీరు పైకి లేస్తారు, అప్పుడు సీటు దానంతటదే మీ కిందకి వస్తుంది. అపార్టుమెంటు సెల్లార్‌లో ఇరవైసార్లు చేస్తే వచ్చేస్తుంది. ఏ సిగ్నల్ దగ్గరో బస్సు పక్కన మొదటి ప్రయోగం చెయ్యకండి.

సీటు వాలు, ముందుకీ వెనక్కీ

వాలు తేలిక. రసమట్టం ఉంటే సీటు పొడవునా దాన్ని పెట్టండి, లేదంటే ఫోనులో మట్టం చూసే యాప్ చాలు, సీటు మీద గట్టి అట్ట పెట్టి దాని మీద ఫోను. సమంగా మొదలుపెట్టండి. ముందు భాగం నొక్కుకుని తిమ్మిరి వస్తే ఒకటి రెండు డిగ్రీలు ముక్కు దించొచ్చు, అంతకు మించి దించితే ముందుకి జారుతూ బరువంతా చేతుల మీద పడుతుంది. ముక్కు పైకి లేపడం మాత్రం వద్దు.

ముందు వెనకలకి దారం కావాలి. తాపీమేస్త్రి గోడ నిలువు చూసుకోవడానికి దారానికి గుండు కడతాడే, అదే పని. సైకిల్ మీద కూర్చుని, క్రాంకుల్ని నేలకి సమాంతరంగా పెట్టి, ముందున్న మోకాలి చిప్ప కిందనుంచి నట్టు కట్టిన దారం వదలండి. అది పెడల్ ఇరుసు మీదుగా పడితే మంచి ఆరంభం. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకి ఒక సెంటీమీటరు వెనక పడ్డా ఫరవాలేదు. ముందుకి పడితే మాత్రం మోకాలి మీద ఒత్తిడి ఎక్కువ అవుతుంది, సీటు వెనక్కి జరపండి. సీటు కింద ఒకే అలెన్ బోల్టు ఉన్నవీ, రెండువైపులా 13 నంబరు నట్లున్న పాతరకం క్లాంపులూ ఉంటాయి, రెండో రకంలో పళ్ల చక్రాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి రెండువైపులా కొంచెం కొంచెంగా బిగించాలి, లేకపోతే గతుకుల్లో సీటు ముక్కు ఆకాశం చూస్తుంది.

సీటు ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే పెడల్ నుంచి దూరం సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి ఎత్తు మళ్లీ ఓసారి చూసుకోండి. ఇంకోటి, హ్యాండిల్ దూరంగా ఉందని సీటు ముందుకి జరపడం చాలామంది చేసే పని. సీటు స్థానం కాళ్ల కోసం. చేతుల సంగతి హ్యాండిల్ దగ్గర తేల్చుకోవాలి.

సీటే సరిపడకపోవడం వేరు. మెత్తగా ఉంటే సుఖం అనుకుని జెల్ కవరు తొడుగుతారు, పది నిమిషాలు హాయిగానే ఉంటుంది, అరగంటకి అందులో కూరుకుపోయి ఒత్తిడి ఎముకల మీద కాకుండా పక్కనున్న మెత్తటి చోట పడుతుంది. ముడతల అట్టపెట్టె ముక్కని గట్టి కుర్చీ మీద పెట్టి కొంచెం ముందుకి వంగి కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్యల దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే మీకు కావాల్సిన సీటు వెడల్పు. ఆడవాళ్లకి ఈ దూరం సాధారణంగా కొంచెం ఎక్కువ ఉంటుంది, సైకిల్‌తో వచ్చిన సన్న సీటుతో సర్దుకుపోనక్కర్లేదు. కొత్తలో వారం పది రోజులు కూర్చునే ఎముకల దగ్గర నొప్పి అందరికీ ఉంటుంది, అది తగ్గిపోతుంది. తిమ్మిరి మాత్రం మామూలు విషయం కాదు.

హ్యాండిల్

రోజూ ట్రాఫిక్‌లో తొక్కేవాళ్లకి హ్యాండిల్ సీటంత ఎత్తులో గానీ, రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు పైన గానీ ఉంటే మెడ తిప్పి వెనక చూడ్డం తేలిక. ఇంకా ఇంకా పైకి అంటే మాత్రం బరువంతా సీటు మీదే పడి, ప్రతి స్పీడ్ బ్రేకరూ వెన్నుపూసకి నేరుగా తగులుతుంది. మోచేతులు కొద్దిగా మడిచి ఉండాలి, గుంతల్లో అవే మన షాక్ అబ్జార్బర్లు. కూర్చుని, చేతుల్ని గ్రిప్పుల మీద పెట్టి, వేళ్లు వదులు చేసి చూడండి. ముందుకి పడిపోతున్నట్టు ఉంటే హ్యాండిల్ దూరంగానో కిందకో ఉంది.

ఎత్తు మార్చడం మీ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) రకాన్ని బట్టి ఉంటుంది. ఫోర్కు గొట్టంలోకి దిగిన సన్న మెడలాగా ఉండి పైన ఒకే బోల్టు కనబడితే పాత రకం. ఆ బోల్టుని మూడు నాలుగు చుట్లు వదులు చేసి, పైన చెక్క ముక్క పెట్టి సుత్తితో చిన్న దెబ్బ వేస్తే లోపల బిగుసుకున్న చీల వదులుతుంది, అప్పుడు హ్యాండిల్‌ని పైకి లాగి బిగించడమే. దీనికీ సీటు పోస్టులాగే హద్దు గీత ఉంటుంది, దాటొద్దు.

పక్కల రెండు బోల్టులు, పైన ఒక మూత, స్టెమ్ కింద ఉంగరాల్లాంటి స్పేసర్లు ఉంటే కొత్త రకం. ఇందులో వరస తప్పితే ముందు చక్రమే వదులవుతుంది కాబట్టి జాగ్రత్తగా ఈ క్రమంలోనే చెయ్యండి.

1. సైకిల్ నేల మీదే ఉంచి, పక్క బోల్టులు రెండూ వదులు చెయ్యండి.
2. పై మూత బోల్టు విప్పి మూత తియ్యండి. ఇప్పుడు సైకిల్‌ని ఎత్తకండి, ఫోర్కు జారి కింద పడుతుంది.
3. స్టెమ్ బయటికి లాగి, పైన ఉన్న స్పేసర్లు కిందకి వేస్తే హ్యాండిల్ లేస్తుంది. స్పేసర్లన్నీ అప్పటికే కింద ఉంటే స్టెమ్‌ని తలకిందులు చేసి చూడండి, కొన్నిటికి వాలు ఉంటుంది, తిప్పితే రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు దొరుకుతుంది. దాని కోసం ముందున్న నాలుగు బోల్టులు విప్పి హ్యాండిల్‌ని పక్కకి తియ్యాలి. ఒక్క స్పేసరు కూడా బయట మిగలకూడదు.
4. ఫోర్కు గొట్టం అంచు, పైనున్న స్టెమ్ లేదా స్పేసర్ అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉందో లేదో చూసి మూత పెట్టండి.
5. మూత బోల్టుని మెల్లగా బిగించండి. ఇది హ్యాండిల్‌ని పట్టి ఉంచే బోల్టు కాదు, బేరింగుల్లో లూజు తీసే బోల్టు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక అనకూడదు, అలాగని హ్యాండిల్ తిప్పితే బిగుసుగా ఉండకూడదు.
6. హ్యాండిల్ చక్రానికి సరిగ్గా అడ్డంగా చూసుకుని, అప్పుడు పక్క బోల్టుల్ని ఒకటి మార్చి ఒకటి, కొంచెం కొంచెంగా బిగించండి.

స్టెమ్ బోల్టులకి మామూలుగా 5, 6 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, అంకె స్టెమ్ మీదే రాసి ఉంటుంది. బిగువు కొలిచే టార్క్ రెంచి లేకపోతే అలెన్ కీని మధ్యలో పట్టుకుని చేతి బలంతో బిగించండి, గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి తిప్పితే మరలు పోతాయి.

ఎత్తు సరిపోయినా హ్యాండిల్ దూరంగానే అనిపిస్తే పొట్టి స్టెమ్ వేయించుకోవడమే. 100 మి.మీ. నుంచి 70కి మారితే తేడా వెంటనే తెలుస్తుంది. కొనేముందు హ్యాండిల్ మధ్యలో మందం చూసుకోండి, 25.4, 31.8 రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకదానికి ఇంకోటి పట్టదు. వెడల్పు సంగతి కూడా. ఎంటీబీ తరహా హ్యాండిళ్లు 70 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి, కొండల్లో బాగుంటుంది, ఆటోకీ డివైడరుకీ మధ్య మాత్రం కాదు. గ్రిప్పులు, బ్రేకులు అన్నీ ముందు లోపలికి జరిపి నాలుగు రోజులు తొక్కి చూసి, నచ్చితేనే రెండు చివర్లా సమానంగా హాక్సాతో కోయించండి. కోసిన తర్వాత తిరిగి అతికించలేం.

బ్రేకు లివర్లు

షాపులో వీటిని ఎక్కువగా నేలకి సమాంతరంగా బిగించి ఇస్తారు, చూడ్డానికి బాగుంటుందని కాబోలు. అలా ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ మణికట్టు పైకి విరుచుకోవాలి. కూర్చుని చేతులు చాపితే ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి, ఆ గీత వాలు ఎంత ఉందో లివరు వాలూ అంతే. క్లాంపు బోల్టు వదులు చేసి తిప్పడమే, నిమిషం పని, కానీ అరచేతి తిమ్మిర్లలో చాలా వాటికి ఇదే మందు. లివరుని పక్కకి జరిపి చూపుడువేలు దాని చివరి వంపు మీద పడేలా పెట్టుకోండి, రెండు వేళ్లకి బ్రేకు పడాలి, మిగతా వేళ్లు గ్రిప్పు పట్టుకునే ఉండాలి. చిన్న చేతులున్నవాళ్లకి లివరు అందకపోతే, దాని మొదట్లో లోపలివైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే లివరు దగ్గరికి వస్తుంది. అది తిప్పాక బ్రేకు పూర్తిగా పడుతోందా, లివరు గ్రిప్పుకి తగిలిపోతోందా చూడండి. ఏ చేతిది ముందు బ్రేకో ఓసారి నొక్కి తెలుసుకోండి.

పెడళ్లు, గాలి, బ్యాగు

పాదం మధ్య గుంట కాదు, వేళ్ల మొదలు పెడల్ మీద పడాలి, లేదా దానికి ఒక సెంటీమీటరు వెనక. పాదాన్ని బలవంతంగా నిటారుగా పెట్టకండి, నడిచేటప్పుడు ఎలా తిరిగి ఉంటే అలాగే ఉండనివ్వండి. ఎడమ పెడల్ మరలు వ్యతిరేకం, గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే బిగుస్తుంది, ఇది తెలియక బలంగా తిప్పి క్రాంకు పాడుచేసినవాళ్లున్నారు.

గాలి ఎంతో టైరు పక్కనే రాసి ఉంటుంది. అందులో పై అంకె కొట్టాలని లేదు. నా బరువు 72 కిలోలు, 700×38సి టైర్లు, వెనక 60 పీఎస్ఐ, ముందు 50. బరువున్నవాళ్లు ఎక్కువ, తేలికవాళ్లు తక్కువ. పెట్రోలు బంకులో కారుకి కొట్టే గాలితో జాగ్రత్త, సైకిల్ ట్యూబులో పట్టేదే కొంచెం కాబట్టి రెప్పపాటులో హద్దు దాటిపోతుంది. మీటరున్న కాలి పంపు ఒకటి కొనుక్కోండి.

లాప్‌టాప్ బ్యాగు వీపున వేసుకుంటే ఇంతసేపూ సరిచేసిందంతా మారిపోతుంది, చేతుల మీద కొంత బరువు అదనం, వీపంతా చెమట. వెనక క్యారియర్ బిగించి దానికి పక్క సంచి తగిలించండి, పెడల్ తొక్కేటప్పుడు మడమ సంచికి తగలకుండా కొంచెం వెనక్కి. వీపున వేసుకోక తప్పదంటే దాన్ని వేసుకునే హ్యాండిల్ ఎత్తు చూసుకోండి.

తొక్కి చూడటం, నొప్పి చెప్పేది వినడం

మొదటి పరీక్షకి సిగ్నళ్లు లేని దారి కావాలి. హైదరాబాద్‌లో అయితే 2023 అక్టోబరులో తెరిచిన ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనున్న 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ దీనికి బాగా పనికొస్తుంది, పైన పలకల నీడ, ఆగకుండా అరగంట తొక్కొచ్చు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకోటి. జేబులో అలెన్ కీలు పెట్టుకుని వెళ్లండి. ఆ తర్వాత మీ అసలు దారిలో, అసలు బ్యాగుతో.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చాక రెండు మూడు రోజులు తొక్కండి. నాలుగూ ఒకేసారి మార్చేస్తే ఏది మంచి చేసిందో ఏది చెడు చేసిందో ఎప్పటికీ తెలీదు.

మోకాలి ముందు నొప్పి అంటే మొదట సీటు కిందకి ఉందేమో, తర్వాత ముందుకి ఉందేమో చూడండి. బరువు గేరులో మెల్లగా తొక్కడం కూడా ఇదే నొప్పి తెస్తుంది, ఫ్లైఓవర్ మొదట్లోనే తేలిక గేరుకి మారండి, సగం ఎక్కాక కాదు. మోకాలి వెనక లాగుతుంటే సీటు ఎత్తు ఎక్కువ, లేదా మరీ వెనక్కి ఉంది. మోకాలి లోపలి, బయటి పక్కల నొప్పి అయితే పాదం కోణం చూడండి. నడుం నొప్పి, మెడ నొప్పి ఎక్కువగా హ్యాండిల్ దూరం వల్లే, కానీ సీటు ఎత్తు ఎక్కువై నడుము ఊగుతున్నా నడుం నొప్పి వస్తుంది, అందుకని సీటు తేల్చాకే హ్యాండిల్ దగ్గరికి వెళ్లండి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున నరం నొక్కుకుంటోంది, లివరు వాలు, సీటు ముక్కు, గ్రిప్పులు ఆ వరసలో చూడండి, అరచేతికి ఆనే వెడల్పు గ్రిప్పులు నాకు బాగా పనిచేశాయి. ఇవన్నీ చేసినా రెండు మూడు వారాలకీ తగ్గకపోతే, లేదా మోకాలు వాచితే, సైకిల్ పక్కన పెట్టి డాక్టరుకి చూపించాల్సిందే.

కొత్త సైకిల్ మొదటి వంద, రెండు వందల కిలోమీటర్లలో కేబుళ్లు వదులవుతాయి, గేర్లు తప్పుతాయి, బ్రేకు లివరు లోపలికి వస్తుంది. అది లోపం కాదు. ఓసారి అన్ని బోల్టులూ, ముఖ్యంగా క్రాంకు, స్టెమ్, సీటు బోల్టులు మళ్లీ చూసి, సర్వీసింగుకి ఇవ్వండి.

ఇచ్చేముందు ఈ కొలతలు ఫోనులో రాసి పెట్టుకోండి: క్రాంకుల ఇరుసు మధ్య నుంచి సీటు పైకి, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ మధ్యకి, నేల నుంచి హ్యాండిల్‌కి, స్టెమ్ కింద స్పేసర్లు ఎన్ని. లివర్ల వాలు పక్క నుంచి ఒక ఫోటో తీసుకోండి. ఎందుకంటే సర్వీసింగ్ నుంచి నా సైకిల్ ఎప్పుడు తిరిగొచ్చినా సీటు కిందకి దిగిపోయే ఉంటుంది, ఎవరో ఒకరు ట్రయల్ వేసి, కాళ్లు ఆనట్లేదని దించేసి ఉంటారు. టేపు చుట్టు దగ్గరికి లాగి బిగించుకోవడం అర నిమిషం పని.